ఒకే లెక్క, నాలుగు జవాబులు

నాలుగో తరగతి పిల్లలకు 52లోంచి 27 తీసేయమని చెప్పి పలకలు చూడండి. ఒకరు 25 అని రాస్తారు. ఇంకొకరు 35. మరొకరు 79. నాలుగో వాళ్లు పలక నిండా 52 గీతలు గీసి, 27 కొట్టేసి, మిగిలినవి లెక్కపెట్టి 24 అంటారు. ఎర్రపెన్నుతో దిద్దితే ఒక టిక్కు, మూడు ఇంటూలు. బడిలో మామూలుగా దిద్దడం అక్కడితో అయిపోతుంది. కానీ ఆ మూడు తప్పులకూ ఒకదానితో ఒకదానికి పోలిక లేదు. 35 రాసిన బిడ్డకు తీసివేత తెలుసు. ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కనుక 7లోంచి 2 తీసేసింది. ఎక్కడైనా సరే పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలని సొంతంగా ఒక నియమం పెట్టుకుంది. 79 రాసిన పిల్లవాడు గుర్తు చూసుకోలేదో, తీసివేత రాక వచ్చిన కూడికతో సరిపెట్టాడో అడిగితే తప్ప తెలియదు. గీతలు గీసిన బిడ్డకు తీసివేత అంటే ఏమిటో చక్కగా అర్థమైంది, పదులుగా ఆలోచించడమే ఇంకా రాలేదు. లెక్కపెట్టేటప్పుడు ఒక గీత తప్పింది, అంతే. ఇక 25 రాసిన పిల్ల సంగతీ అడిగి చూడాల్సిందే. పక్క నుంచి ఒకటి అప్పు తెచ్చానని టకటకా చెప్పేస్తుంది. ఆ ఒకటి ఇటు వచ్చేసరికి పది ఎలా అయిందంటే నీళ్లు నమలవచ్చు.

నలుగురూ ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే పుస్తకం తెరుస్తారు. రేపు వాళ్లకు కావాల్సిన పాఠం మాత్రం ఒకటి కాదు. సాంఘికశాస్త్రంలో నదుల పాఠం తలకెక్కకపోయినా పంటల పాఠం వినవచ్చు. లెక్కల్లో ఆ వెసులుబాటు లేదు. స్థానవిలువ తెలియకుండా అప్పు తీసివేత రాదు. తీసివేత, ఎక్కాలు రాకుండా భాగహారం రాదు. భాగహారం లేకుండా భిన్నాలు గాల్లో వేలాడతాయి. రెండో తరగతిలో ఒకచోట ఆగిన బిడ్డకు ఆ తర్వాత మూడేళ్ల పాటు జరిగే పాఠాలన్నీ వినికిడికే పరిమితం. అందుచేత పిల్లల స్థాయిని బట్టి లెక్కలు చెప్పడాన్ని ఆదర్శ టీచర్ల గొప్పతనంగా చూడనక్కర్లేదు; ఆ సబ్జెక్టే దాన్ని అడుగుతుంది. అయితే ఈ మాట అనగానే చాలామంది టీచర్లకు ముప్పై మంది పిల్లలకు ముప్పై పాఠ్యపథకాలు రాస్తున్నట్టు పీడకల వస్తుంది. అది ఎవరివల్లా కాదు, అవసరమూ లేదు. పాఠం ఒకటే ఉంచి అందులోని లెక్కను పిల్లవాడి స్థాయికి తగ్గట్టు మార్చడం ఒక పని. అందుకు బడి టైమ్‌టేబుల్లో చోటివ్వడం రెండో పని. మొదటిది టీచర్ చేతిలో ఉంది, రెండోది ఆమె చేతిలో లేదు. రెండోది చేయకుండా మొదటిది చేయమని టీచర్‌ను ఒత్తిడి చేయడం వల్లే ఈ ఆలోచన ఇన్నేళ్లుగా ట్రైనింగ్ హాలు గుమ్మం దాటడం లేదని నా వాదన.

ముందుగా అంతరం ఎంత ఉందో చూద్దాం. ప్రథమ్ సంస్థ 2005 నుంచి గ్రామీణ ప్రాంతాల్లో ఇంటింటికీ వెళ్లి చేయిస్తున్న అసర్ సర్వేలో లెక్కల పరీక్ష ఒక్క కాగితం మీద ఉంటుంది: ఒక అంకె గుర్తుపట్టడం, రెండంకెల సంఖ్య గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకునే రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. 2024లో దేశం మొత్తమ్మీద మూడో తరగతి పిల్లల్లో తీసివేత చేయగలిగినవాళ్లు 33.7 శాతం. ఐదో తరగతిలో భాగహారం వచ్చినవాళ్లు 30.7 శాతం; ఇది 2018లో 27.8, కరోనా తర్వాత 2022లో 25.6. ఈ సంఖ్యలు బయటికొచ్చిన ప్రతిసారీ చదువులు పడిపోయాయని గోల చేస్తాం. గమనించాల్సింది మరొకటి ఉంది. ఐదో తరగతిలో దాదాపు మూడింట ఒక వంతు మందికి భాగహారం వచ్చు, మిగిలినవాళ్లలో కొందరికి తీసివేత వచ్చు, కొందరికి రెండంకెల సంఖ్యల దగ్గరే తడబాటు. వీళ్లంతా ఒకే గదిలో ఉన్నారు. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ ఢిల్లీలో చేసిన అధ్యయనంలో ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. ఒకే తరగతి పిల్లల మధ్య తేడా ఐదారు తరగతుల దాకా ఉంది. అలాంటి గదిలో పాఠ్యపుస్తకం ఉన్న చోటు నుంచి చెప్పే పాఠం ఎవరికి చేరుతుంది? ముందు బెంచీలో కొందరికి. అందరినీ ఒకే గాటన కట్టి సమానంగా చూశామనుకుంటాం గానీ, ఆ పాఠం నిజానికి కొద్దిమంది కోసమే తయారైంది.

స్థాయిని బట్టి చెబితే ఫలితం ఉంటుందా అన్నదానికి జవాబు చాలావరకు మన దేశంలోనే దొరికింది. 2001 నుంచి 2003 వరకు వడోదర, ముంబై మునిసిపల్ బడుల్లో బాలసఖి అనే పథకాన్ని పరీక్షించారు. మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడిన పిల్లల్ని రోజుకు రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి, అదే బస్తీకి చెందిన, చదువుకున్న యువతి ఒకామె వాళ్లకు వచ్చిన చోటు నుంచి చదువు చెప్పింది. ఆ పిల్లలు బాగా ముందుకొచ్చారు. తర్వాత 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో ఈ పరిశోధన చేసినవారిలో ఉన్నారు. ఇందులో నాకు మరీ ఆసక్తిగా అనిపించేది వేరే సంగతి. వెనకబడినవాళ్లు బయటికి వెళ్లిన ఆ రెండు గంటలూ అసలు తరగతిలో పిల్లల సంఖ్య తగ్గింది కదా, మిగిలినవాళ్లు లాభపడాలి. పడలేదు. తరగతి చిన్నదైనంత మాత్రాన చదువు మారదు, చెప్పే స్థాయి మారాలి. టీచర్‌కు పిల్లల సంఖ్య తగ్గిస్తే చాలు, అన్నీ చక్కబడతాయనే వాళ్లు ఈ ఫలితాన్ని ఒకసారి తీరిగ్గా చూడాలి.

ఇంతవరకూ బాగానే ఉంది. కథ చిక్కుపడింది దీన్ని ప్రభుత్వ టీచర్ల చేత చేయించబోయినప్పుడు. బిహార్, ఉత్తరాఖండ్‌లలో టీచర్లకు శిక్షణ ఇచ్చారు, సామగ్రి ఇచ్చారు, మామూలు బడి రోజుల్లో వాడమన్నారు. పిల్లల చదువులో మార్పు లేదు. అదే బిహార్‌లో వేసవి సెలవుల్లో శిబిరాలు పెట్టి, సిలబస్ పక్కనపెట్టి, అదే ప్రభుత్వ టీచర్ల చేత అదే పద్ధతిలో చెప్పిస్తే పిల్లలు నేర్చుకున్నారు. టీచర్లకు చేతకాదన్న మాటకు ఇంతకన్నా గట్టి జవాబు అక్కర్లేదు. జూన్‌లో వచ్చిన విద్య జులైలో ఎలా పోతుంది? జులైలో సిలబస్ ఉంది కాబట్టి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇలాంటి పాఠమే దొరికింది. మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 100 గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరికి ఏం వచ్చో ఏం రాదో వివరంగా రాసి టీచర్లకు ఇచ్చారు, మెరుగుపరచుకునేందుకు సూచనలూ ఇచ్చారు. ఎవరైనా చూడటానికి వచ్చిన రోజు ఆ టీచర్లు ఉత్సాహంగా చెప్పారు. సంవత్సరం చివర చూస్తే పిల్లల మార్కులు మిగతా బడుల్లో పిల్లల మార్కుల్లాగే ఉన్నాయి. జబ్బు పేరు కాగితం మీద రాసిచ్చినంత మాత్రాన మందు పడినట్టు కాదని ఆ లెక్కలు చెబుతున్నాయి.

సిలబస్‌కూ పిల్లల స్థాయికీ మధ్య ఉన్న ఈ గందరగోళాన్ని చట్టం కూడా అలాగే ఉంచింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ టీచర్ విధుల్ని వరసగా పేర్కొంటుంది. నిర్ణీత కాలంలో సిలబస్ మొత్తం పూర్తిచేయాలన్నది అందులో ఒకటి. ఆ వెంటనే వచ్చేది, ప్రతి బిడ్డ నేర్చుకునే శక్తినీ అంచనా వేసి అవసరమైన మేరకు అదనంగా బోధించాలన్నది. రెండూ మంచివే. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చూసుకునే బడిలో రెండూ ఒకే గంటలో ఇమడవు. అప్పుడు ఏది నిలుస్తుందో చెప్పడానికి జోస్యం తెలియనక్కర్లేదు: తనిఖీలో దేన్ని అడుగుతారో అది. 1980లలో బ్రిటిష్ సాయంతో మన దగ్గర నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు బోధనా సూత్రాల్లో ఒకటి, పిల్లల మధ్య ఉండే వ్యక్తిగత భేదాలకు తగ్గట్టు చెప్పడం. ఆ తరం టీచర్లు శిక్షణలో విన్నదే ఇప్పటి నిపుణ్ భారత్, తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు వేరే మాటల్లో చెబుతున్నాయి. ఆలోచన కొత్తది కాదు. దానికి రోజులో ఒక గంట కేటాయించడమే కొత్త.

ఆ గంట దొరికిందనుకుందాం. అందులో టీచర్ ఏం చేయాలి? మళ్లీ 52లోంచి 27 దగ్గరికే వెళ్దాం. పాఠం అందరికీ ఒకటే: అప్పు తీసివేత. గీతలు గీసే బిడ్డకు పుల్లలు ఇవ్వాలి, పదేసి పుల్లలు రబ్బరుబ్యాండు వేసిన కట్టలుగా. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు పుల్లలు ఇవ్వమంటే విడిగా రెండే ఉన్నాయి. ఒక కట్ట విప్పక తప్పదు. విప్పిన క్షణంలో విడి పుల్లలు పన్నెండు అవుతాయి, కట్టలు నాలుగే మిగులుతాయి. అప్పు అనే మాట అప్పటికి పుట్టనే లేదు, పని మాత్రం జరిగిపోయింది. 35 రాసిన బిడ్డకూ ఇదే సామాను పనికొస్తుంది గానీ వేరే రకంగా: ముందు పలక మీద తన పద్ధతిలో చేయనిచ్చి, తర్వాత పుల్లలతో చేయించి, రెండు జవాబులూ ఎందుకు కలవలేదో తననే తేల్చుకోనివ్వాలి. నియమం తప్పని టీచర్ చెబితే ఆ పూటకు ఒప్పుకుని మర్నాడు మళ్లీ అదే చేస్తుంది. తన నియమం తన కళ్లముందే ఓడితే వదిలేస్తుంది. 79 రాసిన పిల్లవాడికి అంకెల కంటే ముందు కథ కావాలి: బుట్టలో 52 జామకాయలుంటే 27 అమ్ముడుపోయాయి, మిగిలినవి 52 కంటే ఎక్కువుంటాయా తక్కువుంటాయా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పాక 79 అని రాయడం కష్టం. కాస్త ముందున్నవాళ్లకు సంఖ్యారేఖ మీద 27 నుంచి పైకి వెళ్లడం నేర్పవచ్చు: 30కి 3, 50కి ఇంకో 20, 52కి 2, మొత్తం 25. కిరాణా కొట్టులో చిల్లర తిరిగిచ్చేటప్పుడు చేసేది ఇదే. పెట్టె దగ్గర సాయానికి కూర్చునే పిల్లలకు ఇది వచ్చే ఉంటుంది, బడిలో దీన్నీ లెక్కగానే ఒప్పుకుంటారని మాత్రం తెలియదు.

అసలు నిర్లక్ష్యమంతా 25 అని మొదటే రాసేసి చేతులు కట్టుకు కూర్చున్న పిల్ల విషయంలో జరుగుతుంది. ఆమెకు ఇలాంటివే ఇంకో పది ఇస్తారు, లేదా పక్కవాళ్లకు చెప్పమంటారు. తోటివాళ్లకు చెప్పడం మంచిదే కానీ రోజూ అదే అయితే ఆమె జీతం లేని టీచర్ అవుతుంది, విద్యార్థి కాదు. ఆమెకు పై తరగతి పాఠం ఇవ్వనక్కర్లేదు. ఇదే లెక్కను తిరగేసి ఇస్తే చాలు. ఐదు పక్కన ఒక ఖాళీ గడి, దాన్నుంచి రెండు పక్కన ఒక ఖాళీ గడి తీసేస్తే 25 రావాలి. ఎన్ని విధాలుగా నింపవచ్చు? 50లోంచి 25, 51లోంచి 26, 52లోంచి 27, 53లోంచి 28, 54లోంచి 29. అయిదే. ఆరోది ఎందుకు లేదు? అయిదింటిలోనూ అప్పు తెచ్చుకోవాల్సి రావడం యాదృచ్ఛికమా? ఈ ప్రశ్నలకు జవాబు వెతికితే స్థానవిలువ లోతు తెలుస్తుంది, బీజగణితం గుమ్మం దాకా వెళ్లినట్టూ అవుతుంది. ఇవన్నీ వేర్వేరుగా తయారుచేసే తీరిక లేని రోజున ఒకే ప్రశ్న అందరికీ ఇవ్వవచ్చు: జవాబు 25 వచ్చే తీసివేతలు రాయండి. ఒకరు 26లోంచి 1 అంటారు, ఇంకొకరు 100లోంచి 75, మరొకరు వరస కనిపెట్టి పలక నింపేస్తారు. ఎవరు ఎక్కడున్నారో పరీక్ష పెట్టకుండానే టీచర్‌కు కనిపిస్తుంది.

ఇదంతా చేతల్లో నడిపిన చోటు మదనపల్లె దగ్గరే ఉంది. రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లోని ఏకోపాధ్యాయ పాఠశాలల కోసం పద్మనాభరావు, రమ దంపతులు పాఠ్యపుస్తకాన్ని విడదీసి చిన్న చిన్న కార్డులుగా మార్చారు. గోడ మీద ఒక నిచ్చెన, దాని మీద గుర్తులు. పిల్లవాడు తానెక్కడున్నాడో చూసుకుని, ఆ గుర్తున్న కార్డు తెచ్చుకుని పని మొదలుపెడతాడు. కొత్త విషయం నేర్చుకునేవాళ్లు టీచర్ దగ్గర కూర్చుంటారు, సాధన చేసేవాళ్లు తోటివాళ్ల సాయంతోనో సొంతంగానో చేసుకుంటారు. పది రోజులు జ్వరంతో బడికి రాని బిడ్డ తిరిగొచ్చినప్పుడు వదిలిన మెట్టు నుంచే ఎక్కుతుంది. తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లోకి వెళ్లిన కార్యాచరణ పద్ధతికి ప్రేరణ ఇక్కడిదే. ఒకే టీచర్ ఉండటం, పలు తరగతులు కలిసి కూర్చోవడం మన బడుల శాపమని అందరూ అనుకునే రోజుల్లో, తరగతి గోడలు లేకపోవడాన్నే వీళ్లు అనుకూలంగా మలచుకున్నారు. మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని ఎలాగూ కలిపి కూర్చోబెడుతున్న బడిలో, లెక్కల గంటలో వాళ్లను తరగతి ప్రకారం కాకుండా వచ్చినదాని ప్రకారం కూర్చోబెట్టడానికి కొత్తగా గది అక్కర్లేదు.

దీనికి ఎదురయ్యే అభ్యంతరాల్లో బలమైనది పిల్లల మీద ముద్ర పడుతుందన్నది. దీన్ని తేలిగ్గా తీసుకోలేం. తెలుగునాట కార్పొరేట్ చదువుల్లో ర్యాంకుల ప్రకారం సెక్షన్లు విడగొట్టి, మంచి లెక్చరర్లను మొదటి బ్యాచికి పంపి, చివరి బ్యాచిని గాలికొదిలేయడం ఎరగని ఇల్లు లేదు. గుంపులు చేయడం అంటే తల్లిదండ్రులకు గుర్తొచ్చేది అదే అయితే తప్పు వాళ్లది కాదు. గుంపులకు గులాబీ, మల్లె అని పేర్లు పెట్టినా లాభం లేదు; ఏ పువ్వు కింద ఎవరున్నారో పిల్లలు మొదటి రోజే కనిపెట్టేస్తారు. తేడా ఎక్కడుందంటే, ఆ బ్యాచీలు పిల్లల్ని ఏడాది పొడవునా విడదీస్తాయి. ఇక్కడ విడదీసేది ఒక గంటకు, ఒక నైపుణ్యానికి, కొన్ని వారాలకు. తీసివేతలో వెనకున్న పిల్లవాడు కొలతల్లో, ఆకారాల్లో ముందుండవచ్చు. కొన్ని వారాలకోసారి మళ్లీ అడిగి చూసి మార్చకపోతే, వెనకున్న పిల్లల దగ్గరికి అనుభవమున్న టీచర్ వెళ్లకపోతే, ఇదీ ర్యాంకుల సెక్షనే అవుతుంది. ఏ విభజనా లేని తరగతిలో ముద్ర పడదనుకోవడం మాత్రం భ్రమ. రోజూ ఏమీ అర్థం కాకుండా కూర్చునే బిడ్డకు తన స్థానం ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ముందున్నవాళ్లు నష్టపోతారన్నది ఇంకో భయం. కెన్యాలో 2005లో 121 బడుల్లో చేసిన ప్రయోగంలో మొదటి తరగతి పిల్లల్ని కొన్ని బడుల్లో స్థాయిని బట్టి రెండు సెక్షన్లు చేశారు, మిగిలినవాటిలో కలగలిపి చేశారు. ఏడాదిన్నర తర్వాత స్థాయిని బట్టి విడదీసిన బడుల్లో పైవాళ్లూ కిందివాళ్లూ ఇద్దరూ మెరుగ్గా ఉన్నారు, ఎందుకంటే టీచర్ ఎవరికి చెబుతున్నారో వాళ్ల వేగంతో నడవగలిగారు. ఆ బడులన్నింటికీ అదనంగా ఒక టీచర్‌ను ఇచ్చారన్నది మాత్రం మరవకూడదు. ఢిల్లీ అధ్యయనంలో బడి అయ్యాక కంప్యూటర్ ఒక్కొక్కరి స్థాయికి తగ్గ లెక్కలిచ్చింది. నాలుగున్నర నెలల్లో ముందున్నవాళ్లూ వెనకున్నవాళ్లూ దాదాపు సమానంగా ఎదిగారు. ఆ అవకాశం దొరకని పిల్లల్లో అట్టడుగు మూడో వంతు మంది అదే కాలంలో బడికి వెళ్తూనే లెక్కల్లో ఒక్క అడుగూ ముందుకు వేయలేదు. అయితే ప్రతి బడికీ ట్యాబులు పంచేస్తే సరి అనుకోవద్దు. కంప్యూటర్ 35ను తప్పని గుర్తించగలదు, దానికి తగిన తర్వాతి లెక్కా ఇవ్వగలదు; ఎలా చేశావమ్మా అని అడిగి, చెప్పింది ఓపిగ్గా వినే మనిషి పక్కనుంటేనే ఆ బిడ్డ తన నియమాన్ని బయటపెడుతుంది.

ప్రమాణాలు దిగజారుతాయన్న మాటలో కొంత నిజముంది. వెనకబడినవాళ్ల గుంపులో పదే పదే అంకెల లెక్కలు చేయించి, ఆలోచించే ప్రశ్నలన్నీ ముందున్నవాళ్లకు దాచిపెట్టడం చాలాచోట్ల జరుగుతుంది. జామకాయల ప్రశ్న అందరికీ రావాలి; మారాల్సింది జామకాయల సంఖ్య, చేతికిచ్చే ఆసరా. పుల్లల కట్టలు ఎప్పటికీ ఉండకూడదు కూడా. కట్టలతో చేసినవాళ్లు తర్వాత కట్టల బొమ్మ గీస్తారు, ఆపైన అంకెలే రాస్తారు. ఏ బిడ్డ ఏ వారానికి కట్టలు వదిలేయాలో టీచర్ నోటుబుక్కులో రాసి ఉండాలి. సిలబస్ వెనకబడుతుందని భయపడేవాళ్లకు చెప్పేదొకటే: టీచర్ సిలబస్ పూర్తిచేయడమూ పిల్లలు పూర్తిచేయడమూ ఒకటి కాదని అసర్ సంఖ్యలు ప్రతిసారీ చూపిస్తూనే ఉన్నాయి.

కాబట్టి విద్యాశాఖ నుంచి టీచర్‌కు కావాల్సింది మరో శిక్షణ మాడ్యూలు కాదు. మూడు నుంచి ఐదు తరగతులకు రోజూ ఒక గంట, ఆ గంటకు సిలబస్ లెక్కల నుంచి రాతపూర్వక మినహాయింపు, నెలకోసారి ఒక్కో బిడ్డతో ఐదు నిమిషాలు నోటితో అడిగి చూసుకునే వెసులుబాటు. తనిఖీకి వచ్చిన ఎంఈవో ఆ గంటలో ఏ పేజీ నడుస్తోందని అడగకుండా, రెండు నెలల కింద పుల్లలు వాడిన పిల్లల్లో ఇప్పుడు ఎంతమంది వాడటం లేదో చూపించమని అడగాలి. ఆ ప్రశ్న ఒక్కటి రిజిస్టర్‌లో కాలమ్‌గా చేరితే చాలు, దాన్ని నింపడం కోసమైనా ప్రతి బడీ తన టైమ్‌టేబుల్ మార్చుకుంటుంది.